వానాకాలం కడుపు

జోన్సబా తిండిపోతని చుట్టుపక్కల ఊళ్ళన్నిటా పేరు. పెళ్ళిళ్ళలో ఇమాముగారి గిన్నెలోంచి మాంసం ముక్క లాక్కుని తినేస్తుంది. ఊరిపెద్ద లేచి నిలబడితే చాలు, ఆయన కుర్చీలో తను కూలబడి కాళ్ళు చాపుకుంటుంది. మోచేతుల దాకా పులుసు పూసుకుని, "ఇంకా పెట్టండర్రా, నా కడుపు నది ఒడ్డుదాకా ఉంది," అని గోల చేస్తుంది. పరాయి ఊరివాడెవడైనా ఈవిడకి పిచ్చా అని అడిగితే మా ఫారోకుండా ఊరి జనం వాడివంక జాలిగా చూస్తారు.

పిచ్చి కాదు, ఆవిడ కన్యెలెంగు. పిల్లలు పుట్టకో, పుట్టినా దక్కకో, ఏడ్చి ఏడ్చి ఇక ఏడవలేక నవ్వటం మొదలుపెట్టిన ఆడవాళ్ళ గుంపు అది. అందులో చేరినవాళ్ళు సిగ్గూ ఎగ్గూ గుమ్మం బయట వదిలేయాలి. చిరుగుల బట్టలు కట్టాలి, ఖాళీ చేపల డబ్బాలు దండ గుచ్చి మెళ్ళో వేసుకోవాలి, పసుప్పచ్చ నూనె డబ్బా బోర్లించి వాయించాలి, ఎంతటివాళ్ళ మీదైనా పాట కట్టి పాడాలి. ఇంత లేకి మనిషి బిడ్డని తీసుకెళ్ళి ఏం చేసుకుంటానులే అని చావు మొహం తిప్పుకుని పోవాలి. అదీ లెక్క. వాళ్ళు అడిగింది ఎవరూ లేదనకూడదు, నోట్లో పెట్టింది ఎవరూ వద్దనకూడదు. ఇమామైనా సరే, ఊరిపెద్దయినా సరే.

జోన్సబాకి మొదటి కాన్పుల్లో ముగ్గురు దక్కలేదు. నాలుగో బిడ్డ పుట్టగానే గుంపులోని ఆడవాళ్ళు పసిగుడ్డుని తీసుకెళ్ళి ఊరి చెత్తకుప్ప మీద పడుకోబెట్టారు. వాళ్ళలోనే ఒకావిడ అటుగా పోతున్నట్టు నటించి, "అయ్యో, ఎవరిదో పారేసిన పిల్ల! ఎవరికీ అక్కర్లేదా?" అని తీసుకొచ్చి జోన్సబా ఒళ్ళో పడేసింది. అలా దక్కిన పిల్ల తిదా. ఆసుపత్రి కార్డులో ఏ పేరున్నా, ఊరు ఊరంతా ఇప్పటికీ ఆ పిల్లని చెత్తకుప్ప అనే పిలుస్తారు. అదీ ముద్దుగా. చెత్తకుప్పకి పెళ్ళయింది, కాపురానికి కూడా వెళ్ళింది, అదే ఊళ్ళో నాలుగు గడపల అవతలికి.

తిదా బతికిందిగానీ ఎప్పుడూ బక్కపల్చనే. గాలి గట్టిగా వీస్తే పట్టుకోవాల్సిన పిల్ల. తర్వాత పుట్టిన తమ్ముడు కేలుంతాంగ్ మాత్రం దుంగలా ఉంటాడు. తల్లి ఒకతే, తండ్రి ఒకడే, గిన్నె కూడా ఒకటే. ఈ తేడా ఏమిటో జోన్సబాకి తెలుసు, కాని ఎవరితోనూ అనేది కాదు. తిదా వానల్లో కడుపున పడ్డ పిల్ల. గాదె అడుగు చీపురుతో ఊడ్చి గింజలు ఏరుకునే రోజులవి. రోజంతా మోకాటి లోతు బురదలో వరినాట్లు, ఇంటికొస్తే చారెడు గంజి. కొడుకేమో కోతలయ్యాక, వేరుశెనగ కుప్పలు ఇంటిముందున్నప్పుడు కడుపున పడ్డవాడు. "నా కూతురికి నేనే అన్యాయం చేశాను" అనే మాట ఆవిడ గుండెలో ముల్లులా ఉండిపోయింది. ఊరందరినీ నవ్వించే మనిషి ఆ ముల్లు మీద మాత్రం ఒక్క పాటా కట్టలేదు.

ఆ ఏడు వానలకి ముందు యంకుబా మోటారు సైకిలేసుకుని ఊళ్ళోకి వచ్చాడు. వాడు మా ఊరి కుర్రాడే. తల్లీబిడ్డల మీద పరిశోధన చేసే ఆసుపత్రిలో ఉద్యోగం. ఆడవాళ్ళందరినీ మామిడిచెట్టు కింద కూర్చోబెట్టి, కన్యెలెంగుల చేత ఒక పాట కట్టించాలని వచ్చాడు. ఏ ఊళ్ళోనైనా మంచిమాట చెవికెక్కాలంటే వీళ్ళ నోటినుంచే రావాలని ఆసుపత్రివాళ్ళకి ఎప్పుడో తెలిసిపోయింది.

"పిన్నీ, మీ అన్నలు చిన్నప్పుడు ఖురాను బడిలో చెక్కపలక మీద రాసుకునేవాళ్ళు, గుర్తుందా? అక్షరాలకి పైనా కిందా చిన్నచిన్న గుర్తులుంటాయి. అక్షరం అదే ఉంటుంది. గుర్తు మారితే పలకడం మారిపోతుంది," అన్నాడు యంకుబా.

"గుర్తు తప్పు చదివితే వీపు విమానం మోతెక్కేది. అదీ గుర్తుంది," అంది జోన్సబా.

అందరూ నవ్వారు. యంకుబా కూడా నవ్వి, మళ్ళీ అందుకున్నాడు. "మన ఒంట్లోనూ అంతే. అక్షరాలు అమ్మా నాన్నా ఇస్తారు. ఏ అక్షరం గట్టిగా చదవాలి, ఏది మెల్లిగా చదవాలి అనే గుర్తులు మాత్రం బిడ్డ కడుపున పడ్డ రోజుల్లో పడతాయి. తల్లి ఏం తింది, ఎంత కష్టపడింది, అప్పుడు వానాకాలమా ఎండాకాలమా, దాన్నిబట్టి మారతాయి. వానల్లో కడుపున పడ్డ పిల్లల గుర్తులు ఒకలా ఉన్నాయి, ఎండల్లో పడ్డవాళ్ళవి ఇంకోలా ఉన్నాయి. పిల్లలు పెద్దయినా ఆ గుర్తులు పోవటం లేదు."

జోన్సబా డబ్బాల దండ గలగల ఆగిపోయింది. "వానల గుర్తులు మంచివా, చెడ్డవా?"

"అది ఇంకా సరిగ్గా తెలీదు పిన్నీ."

"ఓరి నీ తెలివి తెల్లారా! ఇన్నేళ్ళ నుంచి మా రక్తాలు సీసాల్లో పట్టుకుపోయి, ఇంకా తెలీదంటావేంట్రా? దోమలు నయం, అవైతే ఏదో కనిపెడతామని చెప్పవు!"

యంకుబా పొట్ట పట్టుకుని నవ్వాడు. వాడు మంచివాడు, ఉక్రోషం లేనివాడు. "తెలిసిందే చెప్తాను పిన్నీ, తెలియంది చెప్పను. తెలిసింది ఒకటే. కడుపు నిలిచిన మొదటి వారాల్లో, తల్లికే ఇంకా అనుమానం రాని రోజుల్లో, ఆమె తిన్న తిండి తాలూకు గుర్తు బిడ్డలో ఉండిపోతుంది. ఆ తర్వాత నెలల్లోనూ తింటేనే బిడ్డకి బరువు. అందుకే వానల్లో కొత్త కోడళ్ళకి ముందు పెట్టండి, మిగతావాళ్ళు తర్వాత తినండి అని పాట కట్టమంటున్నాను."

ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వానల్లో ఉన్నదే చారెడు. అందులో ముందు మగవాళ్ళ గిన్నె, తర్వాత ముసలివాళ్ళది, తర్వాత పిల్లలది. వండిన కోడలికి గిన్నె గోడలకి అంటుకున్నది మిగులుతుంది. పైగా కడుపు సంగతి కనబడేదాకా ఎవరూ నోరెత్తరు. పేరు పెట్టి చెప్తే చెడ్డ కన్ను పడుతుంది. ఫలానా కోడలికి ముందు పెట్టండి అనటమంటే ఫలానా కోడలు కడుపుతో ఉందని డప్పు వేయటమే. ఈ చిక్కు యంకుబాకీ తెలుసు. వాడూ ఈ ఊరి తల్లికే పుట్టాడు. "దారి మీరే చూడాలి," అని మోటారు సైకిలు ఎక్కబోయాడు.

జోన్సబా వాడి వెనకే వెళ్ళి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగింది. "ఒరే, తిదా అలా ఉందంటే... నా వల్లేనంటావా?"

యంకుబా బండి ఆపేశాడు. "నువ్వేం చేశావు పిన్నీ? వానొచ్చింది, గాదె ఖాళీ అయింది. అంతే. నీ చేతిలో ఉంటే పెట్టుకోకుండా ఉంటావా?"

ఆ మాట ఆవిడకి సగం ఊరట. మిగతా సగం ముల్లు ముల్లుగానే ఉంది.

వానలు దిగాయి. ఆడవాళ్ళంతా చీకటితోనే నది పక్క పొలాల్లోకి వెళ్ళటం మొదలైంది. ఒకరోజు గట్టుమీద అన్నం మూట విప్పగానే ఎండుచేప వాసనకి తిదా మొహం తిప్పుకుంది. చెట్టు చాటుకి వెళ్ళి వచ్చి, నోరు కడుక్కుని, ఏమీ జరగనట్టు నారు అందుకుంది. ఎవరూ చూడలేదు. జోన్సబా చూసింది. ముందు సంతోషం, ఆ వెనకే భయం. పోయినేడు వానల్లోనూ ఇలాగే ఒకటి నిలిచి, రెండో నెలలోనే జారిపోయింది. ఇప్పుడు మళ్ళీ అవే వానలు, అదే బురద, అదే ఖాళీ గిన్నె.

దారిలో కూతురి పక్కన నడుస్తూ, పొట్టవైపు కూడా చూడకుండా అడిగింది. "ఏమే చెత్తకుప్పా, ఎండుచేప పడట్లేదా?"

"అమ్మా, నీకు దణ్ణం పెడతాను. నీ నోట్లో నువ్వుగింజ నానదు. ఈ ఒక్కటీ దాచు. మీ అల్లుడికి కూడా చెప్పలేదు."

"మీ అత్తకి?"

"ఆవిడకా! ఆవిడ ముందు దగ్గాలన్నా భయమే నాకు."

తిదా అత్తగారు సార్జో. పెద్దింటి ఆడపడుచు, పెద్దింటి కోడలు. తెల్లటి బట్ట నలగనివ్వదు, తలగుడ్డ జారనివ్వదు, పెదవి విప్పి నవ్వగా చూసినవాళ్ళు ఊళ్ళో లేరు. కన్యెలెంగులు పాడుకుంటూ వస్తుంటే ఆవిడ జపమాల తిప్పుకుంటూ లోపలికి వెళ్ళిపోయేది. జోన్సబాకి ఆవిడంటే ఒళ్ళు మంట. వియ్యపురాలు కనక వదినా అని పిలిచేది, మనసులో మాత్రం వేరే పేరుండేది. ఆ పేరు ఇక్కడ రాసేది కాదు.

ఇక జోన్సబా పని ఒక్కటే. కూతురి నోట్లో తిండి పడాలి, ఎందుకు పడుతోందో ఊరికి తెలియకూడదు. ఎలాగో దాచుకున్న వేరుశెనగలు దంచి, గుమ్మడి ముక్కలేసి, చిక్కటి దొమొదా పులుసు వండి, మూత పెట్టి పట్టుకెళ్ళింది. "వదినా, చాలా వండేశాను, కాస్త మీకూ," అంది. సార్జో మూత తీసి చూసింది, బాగుందనీ లేదనీ అనలేదు. మన పద్ధతి ప్రకారం చేయాల్సిందే చేసింది. పెద్దగిన్నెలో అన్నం మీద గుమ్మరించి మగవాళ్ళ ముందు పెట్టించింది. సరిగ్గా అప్పుడే ఎక్కడినుంచో చుట్టాలు దిగారు. వానాకాలం చుట్టాలకి పులుసు వాసన ఎంత దూరంనుంచైనా తెలిసిపోతుంది. తిదాకి మిగిలింది గరిటె నాకటం. జోన్సబా గడపలో నిలబడి చుట్టాల దవడలు కదలటం చూస్తూ లోపల్లోపల ఉడికిపోయింది.

తర్వాత వేయించిన వేరుశెనగలు తలగుడ్డ మడతలో దాచి పొలానికి తీసుకెళ్ళింది. వంగి నాట్లు వేస్తున్న కూతురి చేతిలో గుప్పెడు పెట్టిందో లేదో, పక్క మడిలోంచి ఒకావిడ తల ఎత్తింది. "ఏంటి జోన్సబా, కూతురికి దొంగచాటుగా పెడుతున్నావు? ఏంటో విశేషం!"

జోన్సబాకి పొరపాటు తెలిసింది. ఊళ్ళోకెల్లా తిండిపోతు అనిపించుకున్నావిడ తన నోట్లో వేసుకోకుండా ఇంకొకరికి పెడితే అనుమానం రాక ఏమవుతుంది? ఇన్నేళ్ళు తెచ్చుకున్న పేరే ఇప్పుడు కొంప ముంచేలా ఉంది. ఠక్కున ఆ పక్కావిడ చేతిలోనూ గుప్పెడు పోసింది. ఆ పక్కదానికీ పోసింది. "విశేషమేముందే? మీరంతా ఎండు కట్టెల్లా ఉన్నారు. రేపు మీ మొగుళ్ళు పొయ్యి కట్టెలనుకుని మిమ్మల్ని పొయ్యిలో పెడతారేమోనని భయమేస్తోంది!" అంది. అందరూ పకపకా నవ్వి తిన్నారు. తిదా తలొంచుకుని, ఆ నవ్వుల్లో కలిసి తింది. ఎవరూ ఆ పిల్లవంక చూడలేదు.

అప్పుడు వెలిగింది జోన్సబాకి. ఒక్క కోడలికి పెడితే గుట్టు రట్టవుతుంది. ఊళ్ళో కోడళ్ళందరికీ పెడితే ఎవరికోసం పెడుతున్నారో ఎవడు కనిపెట్టగలడు?

ఆ సాయంత్రం గుంపుని పోగేసింది. వాళ్ళలో పెద్దది ముసుకెబా, పళ్ళు లేకపోయినా కాళ్ళు ఆడుతూనే ఉంటాయి. జోన్సబా కూతురి మాట ఎత్తలేదు. "మన నూనె డబ్బా అలిగింది. వాయిస్తే మోగట్లేదు. ఎందుకే అని అడిగితే, కోడళ్ళ పొట్టలు నిండితేగాని మోగనంటోంది," అని చెప్పింది.

ముసుకెబా కళ్ళు చికిలించి చూసింది. అంత వయసున్న మనిషికి ఎవరి కోసమో తెలియదని అనుకోలేం. "డబ్బా అలిగితే తీర్చాల్సిందేగా," అంది.

మర్నాటి నుంచి ఫారోకుండాలో దండయాత్ర మొదలైంది. కన్యెలెంగులు గడప గడపకీ వెళ్ళటం, డబ్బా బోర్లించి వాయించటం, కుండలు వెతకటం. ఒక ఇంట్లో గుప్పెడు బియ్యం, ఒక ఇంట్లో సజ్జలు, ఒక ఇంట్లో గోంగూర, ఇంకో ఇంట్లో ఎండిన ఆల్చిప్పల మాంసం. అన్నీ కలిపి మామిడిచెట్టు కింద వండి, కోడళ్ళందరినీ వరసగా కూర్చోబెట్టి ముద్దలు నోట్లో కుక్కటం. ముద్ద వద్దన్న పిల్ల మీద అక్కడికక్కడే పాట. పాటలో మొగుడి గురక, అత్త నడక, అన్నీ వచ్చేస్తాయి. పాటకి భయపడి అందరూ తిన్నారు. జోన్సబా ఎప్పట్లాగే మూతికీ చెంపలకీ పులుసు పూసుకుని, తనే అంతా తింటున్నట్టు గంతులేసింది. లోపలికి పోయింది మాత్రం చాలా తక్కువ.

మగవాళ్ళకి గిన్నెలు పల్చబడ్డాయి. ఊరిపెద్ద పిలిపించాడు. ఆయన ముసలాయన, సరసుడు. "ఏం జోన్సబా, మా ఊరి కోడళ్ళందరూ ఒక్కసారే కడుపుతో ఉన్నారా ఏంటి?"

"ఉన్నారు పెద్దయ్యా. మీ ఇంటి ముసలావిడతో సహా. మీరు మరీ అమాయకుడిలా అడుగుతారేంటి!"

పెద్దల అరుగు మీద నవ్వులు ఆగలేదు. ఊరిపెద్ద నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, మా ఇంట్లోంచి కూడా ఒక బుట్ట సజ్జలు తీసుకుపొండి అన్నాడు. కడుపు మాట నలుగురిలో అనకూడదన్న కట్టు ఎక్కడా తెగలేదు. అందరి గురించీ అన్నారు కనక ఎవరి గురించీ అనలేదు.

ఇక సార్జో ఇల్లు మిగిలింది. ఊళ్ళో వానల్లో కూడా గింజలుండే గాదె అదొక్కటే. తాళంచెవి ఎప్పుడూ ఆవిడ నడుముకే ఉంటుంది. గుంపులో ధైర్యస్తులు కూడా ఆ గడప దగ్గర అడుగు వెనక్కి వేశారు. జోన్సబా మొండిగా ముందుకి నడిచింది. సార్జో నమాజు చాప మీద కూర్చుని ఉంది, వీళ్ళకి వీపు పెట్టి. డబ్బా మోగింది, పాట లేచింది, ఆవిడ తిరిగి చూడలేదు. జోన్సబా గాదె తలుపు తోసింది. తాళం లేదు. లోపల వేరుశెనగల బస్తా మూతి విప్పి ఉంది.

"పని తొందరలో మర్చిపోయినట్టుంది, మన అదృష్టం," అని గొణిగి జోన్సబా బుట్ట నింపుకుంది. ఆ తర్వాత ఎప్పుడు వచ్చినా ఆవిడ నమాజులోనే ఉండేది, తాళం మర్చిపోయే ఉండేది. నమాజు కూడా చాలా పొడుగ్గా సాగేది. ఇంత గట్టి మనిషికి మతిమరుపు పట్టుకుందేమిటా అని జోన్సబా ఒకటి రెండుసార్లు జాలిపడింది కూడా.

వానలు వెలిశాయి. తిదా పొట్ట కనబడింది. ఇక దాయటానికేమీ లేదు. జారిపోలేదు, నిలబడింది. కోతలొచ్చాయి, గిన్నెలు నిండాయి. ఎండలు ముదిరాక ఒక తెల్లవారుజామున ఆడపిల్ల పుట్టింది. ఏడుపు విని జోన్సబా గుమ్మం బయట నేలమీద కూలబడిపోయింది. మంత్రసాని బిడ్డని తెచ్చి చూపిస్తే, పిడికిళ్ళు బిగించి, బుగ్గలు పొంగించి, ఎవరిమీదో కోపంగా ఉంది. తిదా పుట్టినప్పుడు బుగ్గలు లేవు. జోన్సబా మనవరాలి బుగ్గ మీద వేలు పెట్టి, అలా పెట్టే ఉంచింది.

"ఏంటి అత్తా, బతికుందో లేదో చూస్తున్నావా?" అంది మంత్రసాని.

"కాదే, తినేద్దామా అని చూస్తున్నాను," అంది జోన్సబా, కళ్ళు తుడుచుకుంటూ.

పేరు పెట్టేరోజు యంకుబా కూడా వచ్చాడు. బిడ్డ బొడ్డుతాడు రక్తం చుక్క ఆసుపత్రికి ముందే వెళ్ళిందిట. "గుర్తులు ఎలా ఉన్నాయిరా?" అని జోన్సబా అడిగితే, "చూడటానికి చాలాకాలం పడుతుంది పిన్నీ, చూసినా నాకు చెప్పరు, వందల పిల్లలవి కలిపి చూస్తారు," అన్నాడు. "నీకు చెప్పకపోవటమే మంచిది, నువ్వూ నాలాంటి నోరున్నవాడివే," అని ఆవిడ వాడి చేతిలో మాంసం గిన్నె పెట్టింది. ఇమాము బిడ్డ చెవిలో పేరు చెప్పాడు, తాంబూలంలా కోలా కాయలు పంచారు, డబ్బా మోగింది.

సందడి తగ్గాక జోన్సబా వంటగది వెనక గిన్నెలు కడుగుతుంటే సార్జో వచ్చి పక్కన నిలబడింది. మామూలుగా అటువైపు రాని మనిషి.

"వదినా, నీ చేతివాటం గురించి మాట్లాడాలి," అంది సార్జో.

జోన్సబా నాలిక కరుచుకుంది. "తాళం మీరు మర్చిపోతే నేనేం చేయను వదినా? కన్యెలెంగుకి తెరిచిన తలుపు కనబడితే..."

"నేను ఏదీ మర్చిపోను."

జోన్సబా చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది.

"నా కోడలి మొహం నాకు తెలీదా? నీకంటే ముందు పసిగట్టాను. పెద్దదాన్ని, ఇంటి పద్ధతి నేనే తప్పితే ఎలా? కోడలికి విడిగా పెడితే నలుగురూ చూస్తారు, అడుగుతారు. నా చేతులతో నేను పెట్టలేను. నువ్వు దోచుకుపోతే నాకేం సంబంధం? అందుకని తాళం తీసి, చాప పరుచుకుని కూర్చునేదాన్ని. ఆ వానల్లో చేసినన్ని నమాజులు నా జన్మలో చేయలేదు."

జోన్సబాకి నవ్వు తన్నుకొచ్చింది. కాని సార్జో నవ్వటం లేదు. మసి గోడవైపు చూస్తోంది.

"పెళ్ళయ్యాక, నన్ను ఇక్కడికి కాపురానికి తీసుకురాకముందు, మా పుట్టింట్లోనే నాకు ఒక మగబిడ్డ పుట్టాడు. నది అవతల. వానాకాలం కడుపు. మా అమ్మ కట్టు తప్పని మనిషి. నాకు ఆకలేస్తోందని ఎవరికీ చెప్పలేదు, చెప్పకూడదు కదా. వాడు గుప్పెడంత పుట్టాడు. పాలు పీల్చటానికి కూడా ఓపిక లేదు వాడికి. కరమో అని పేరు. ఈ ఊళ్ళో మా ఆయనకి తప్ప ఆ పేరు ఎవరికీ తెలీదు. మావాళ్ళు చెప్పొద్దన్నారు. పెద్దింటికి వెళ్ళేదానివి, బిడ్డని పోగొట్టుకున్న మనిషిలా వెళ్ళకూడదు అన్నారు." ఆవిడ తలగుడ్డ సర్దుకుంది. "మీరు డబ్బా కొట్టుకుంటూ మా గుమ్మం ముందుకొచ్చినప్పుడల్లా నేను లోపలికి వెళ్ళిపోయేదాన్ని. అసహ్యమేసి వెళ్ళిపోతున్నానని నువ్వు పాట కట్టావు. నాకు గుర్తుంది. మీరు అందరూ కలిసి నవ్వుకుంటుంటే, నాకు ఏడవటానికి కూడా తోడు లేదే అనిపించేది."

జోన్సబా చేతిలో గిన్నె కింద పెట్టింది. ఇన్నేళ్ళు ఈ మనిషిని మనసులో ఏ పేరుతో పిలిచిందో తలుచుకుని సిగ్గుపడింది. కన్యెలెంగుకి సిగ్గు ఉండకూడదు, అయినా సిగ్గుపడింది. తడి చేతుల్తోనే ఆవిడ చేయి పట్టుకుంది. తెల్లటి బట్ట మీద మసి మరకలయ్యాయి. సార్జో చేయి లాక్కోలేదు.

"ఎలా ఉండేవాడు?" అని అడిగింది జోన్సబా.

అలా అడిగినవాళ్ళు ఇంతవరకూ ఎవరూ లేరేమో, సార్జో చాలాసేపు చెప్పింది.

మళ్ళీ వానలు దిగాయి. ఊళ్ళో పిల్లలు ఖాళీ డబ్బాలు తన్నుకుంటూ ఆడుతున్నారు, గాదెలు అడుగంటుతున్నాయి, ఏ కోడలు ఎండుచేప వాసనకి మొహం తిప్పుకుంటోందో ఎవరూ అడగటం లేదు. కన్యెలెంగులు మామిడిచెట్టు కింద చేరారు. ఏ గడపతో మొదలుపెట్టాలా అని వాదించుకుంటున్నారు. ముసుకెబా ఉన్నట్టుండి మాట ఆపేసి, చేత్తో అటు చూపించింది.

సార్జో వస్తోంది. తలగుడ్డ జారలేదు, చెవులకి బంగారం అలాగే ఉంది, నడక అదే పెద్దింటి నడక. ఒంటిమీద మాత్రం, తలకీ చేతులకీ కంతలు చేసిన బియ్యం గోతాం. దారి పొడుగునా జనం నోళ్ళు తెరుచుకుని నిలబడిపోయారు. ఆవిడ ఎవరివంకా చూడలేదు. వెనకాల తిదా, చంకలో పిల్లని వేసుకుని, నవ్వలేక ఏడవలేక నడిచి వస్తోంది.

గుంపులో ఎవరికీ ఏం చేయాలో తోచలేదు. జోన్సబాయే లేచి, గుప్పెడు పిండి తీసి ఆవిడ నెత్తిన చల్లింది. కొత్తగా చేరినవాళ్ళకి చేసే మర్యాద అదే. పిండి కనుబొమల మీద పడితే సార్జో తుడుచుకోలేదు. చేయి చాచి నూనె డబ్బా అడిగి తీసుకుంది, బోర్లించి ఒక దెబ్బ వేసి చూసింది, మెల్లిగా వేసినందుకు తనే తల అడ్డంగా ఊపుకుని, రెండో దెబ్బ ఊరంతా వినబడేలా వేసింది.

"పదండి," అంది. "ముందు మా ఇంటికే వెళ్దాం. అక్కడి ముసలిది మహా పిసినారి."